ఆదివాసీ యువతకు మెంటరింగ్: ఆస్ట్రేలియాలో హైస్కూలు నుంచి ఉన్నత విద్య, ఉద్యోగం దాకా

ఆస్ట్రేలియాలో ఆబోరిజినల్, టారెస్ జలసంధి ద్వీపవాసుల పిల్లలు హైస్కూలు పూర్తిచేసి, విశ్వవిద్యాలయంలోనో వృత్తి విద్యా కళాశాలలోనో చేరి, ఉద్యోగంలో కుదురుకునే దాకా అనుభవం ఉన్నవారు వెన్నంటి ఉండి సాయపడే ఏర్పాట్లను ఆదివాసీ యువత మెంటరింగ్ అంటారు. 21వ శతాబ్దపు తొలి దశకంలో ఇది దేశమంతటా విస్తరించింది. విశ్వవిద్యాలయాలు, స్వచ్ఛంద సంస్థలు, ఆదివాసీ సముదాయాల సొంత సంస్థలు, కంపెనీలు, ప్రభుత్వాలు ఇందులో వేర్వేరు పాత్రలు పోషిస్తున్నాయి.

2021 జనగణనలో 8,12,728 మంది తాము ఆబోరిజినల్ లేదా టారెస్ జలసంధి ద్వీపవాసులమని నమోదు చేసుకున్నారు. ఇది దేశ జనాభాలో 3.2 శాతం. నమోదు కానివారిని కూడా కలుపుకొని గణాంక సంస్థ వేసిన అంచనా సుమారు 9,83,700, అంటే 3.8 శాతం. వీరిలో దాదాపు మూడో వంతు 15 ఏళ్లలోపు పిల్లలే. ఇంత పిన్న వయసు జనాభాకు బడి దాటి బతుకుదెరువులోకి అడుగుపెట్టే ఆ కొన్నేళ్లు ఎలా గడుస్తాయన్నది సముదాయపు భవిష్యత్తును నిర్ణయించే విషయం.

నిర్వచనం, పరిధి

మెంటర్ అంటే విద్యార్థి నడవబోయే దారిలో కొంత ముందు నడిచిన మనిషి. అతడు విశ్వవిద్యాలయ విద్యార్థి కావచ్చు, అదే బడిలో చదివి ఉద్యోగంలో చేరిన యువతి కావచ్చు, కంపెనీలో పనిచేసే ఇంజనీరు కావచ్చు, ఊరి పెద్ద కావచ్చు. మెంటర్ పాఠాల్లో సాయం చేసినా ట్యూషన్ మాస్టరు కాడు. కష్టసుఖాలు విన్నా మానసిక వైద్యుడు కాడు. దరఖాస్తు ఎలా నింపాలి, హాస్టల్ గది ఎలా దొరుకుతుంది, మొదటి జీతంలో పన్ను ఎందుకు కోశారు, తరగతిలో తానొక్కడే ఆదివాసీ అయినప్పుడు ఎలా తట్టుకోవాలి వంటి ప్రశ్నలకు తన అనుభవంలోంచి జవాబు చెప్పగలగడం అతని ప్రత్యేకత. తల్లిదండ్రులు చదువుకున్న ఇళ్లలో ఈ సమాచారం భోజనాల దగ్గరే దొరుకుతుంది. కుటుంబంలో మొదటిసారి పన్నెండో తరగతి దాకా వచ్చిన పిల్లకు అది బయటి నుంచి అందాలి.

ఈ రంగంలో పనిచేసేవారు మూడు దాటుడు స్థలాలను గుర్తిస్తారు. మొదటిది తొమ్మిది, పది తరగతుల దగ్గర. బడి మానేసేవారు ఎక్కువగా ఇక్కడి నుంచే జారిపోతారు. రెండోది పన్నెండో తరగతి తరువాత చదువా, శిక్షణా, పనా అన్న మలుపు. మూడోది మొదటి ఉద్యోగంలోని తొలి నెలలు. ఏ కార్యక్రమాన్నైనా అది ఈ మూడింటిలో దేనిదగ్గర నిలబడి ఉందో చూసి వర్గీకరించడం తేలిక. మూడింటి దగ్గరా ఒకే విద్యార్థి చెయ్యి వదలకుండా ఉండే కార్యక్రమాలు తక్కువ. ఈ రంగంలోని అసలు లోటు ఇదే.

చారిత్రక నేపథ్యం

ఆస్ట్రేలియా ఆదివాసీ కుటుంబాలకు బడి, ఉద్యోగం అనే రెండు మాటలూ చాలాకాలం ప్రభుత్వ బలవంతాన్నే గుర్తుచేశాయి. న్యూ సౌత్ వేల్స్‌లో శ్వేతజాతి తల్లిదండ్రులు అభ్యంతరం చెబితే ఆబోరిజినల్ పిల్లలను ప్రభుత్వ బడి నుంచి బయటికి పంపవచ్చన్న పద్ధతి 19వ శతాబ్దం చివర మొదలైంది. అలా నిరాకరించే అధికారం ప్రధానోపాధ్యాయుల నిబంధనల పుస్తకం నుంచి 1972లో గానీ తొలగిపోలేదు. 20వ శతాబ్దంలో ఎక్కువ కాలం వేలాది పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి సంస్థల్లో, శ్వేతజాతి ఇళ్లలో పెంచారు. న్యూ సౌత్ వేల్స్‌లోని కూటముండ్రా గృహంలో బాలికలకు ఇంటి పనిమనుషులుగా, కించెలా గృహంలో బాలురకు పొలం కూలీలుగా పనికొచ్చే శిక్షణ ఇచ్చారు. పలు రాష్ట్రాల్లో వారి కూలి డబ్బును ప్రభుత్వమే దగ్గర పెట్టుకుంది. అందులో చాలా భాగం తిరిగి వారి చేతికి రాలేదు.

ఇలా వేరుచేసిన పిల్లల తరాలను దొంగిలించిన తరాలు అంటారు. వారిపై జాతీయ విచారణ నివేదిక 1997లో వెలువడింది. 2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో దేశం తరఫున క్షమాపణ చెప్పారు. నేడు హైస్కూల్లో ఉన్న పిల్లల అమ్మమ్మలు, తాతయ్యల్లో కొందరు ఆ సంస్థల్లో పెరిగినవారు. బడి నుంచి వచ్చిన ఉత్తరాన్ని ఇల్లు అనుమానంతో చూస్తే, దాన్ని చదువుపట్ల నిర్లక్ష్యంగా లెక్కగట్టకూడదు. మెంటరింగ్ కార్యక్రమాలు కుటుంబంతో పరిచయానికి అంత సమయం కేటాయించడం ఈ చరిత్ర వల్లనే.

ఉన్నత విద్యలో తొలి అడుగులు ఒక్కొక్కరుగా పడ్డాయి. మార్గరెట్ విలియమ్స్-వియర్ 1959లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం నుంచి వ్యాయామ విద్యలో డిప్లొమా పొందారు. ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయం నుంచి పట్టా అందుకున్న తొలి ఆబోరిజినల్ వ్యక్తిగా ఆమెను పేర్కొంటారు. చార్ల్స్ పెర్కిన్స్ 1965లో సిడ్నీ విశ్వవిద్యాలయ విద్యార్థులతో కలిసి న్యూ సౌత్ వేల్స్ పట్టణాల్లో వర్ణవివక్షకు వ్యతిరేకంగా ఫ్రీడమ్ రైడ్ బస్సు యాత్ర జరిపి, మరుసటి ఏడాది అక్కడే డిగ్రీ పూర్తిచేశారు. 1967 మే 27 నాటి రెఫరెండంలో 90 శాతానికి పైగా ఓటర్లు రాజ్యాంగ సవరణకు ఆమోదం తెలిపారు. దానితో ఆదివాసుల కోసం చట్టాలు చేసే అధికారం కేంద్రానికి దక్కింది. 1969లో ఉన్నత విద్యకు, 1970లో మాధ్యమిక విద్యకు కేంద్రం ప్రత్యేక ఉపకారవేతనాలు ప్రారంభించింది. ఇవే తరువాత అబ్‌స్టడీ పథకంగా మారాయి. (చూ. ఉపకారవేతనాలు, నిధులు.)

డబ్బుతో పాటు మనుషుల తోడు కూడా అవసరమని విశ్వవిద్యాలయాలు మెల్లగా గ్రహించాయి. అడిలైడ్‌లోని సౌత్ ఆస్ట్రేలియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో 1973లో ఆబోరిజినల్ టాస్క్ ఫోర్స్ మొదలైంది. మొనాష్ విశ్వవిద్యాలయం 1984లో డిగ్రీకి ముందు ఏడాది సన్నాహక కోర్సు పెట్టింది. 1989లో ఆమోదించిన జాతీయ ఆదివాసీ విద్యా విధానం హాజరు, ఉత్తీర్ణత, నిర్ణయాల్లో ఆదివాసుల భాగస్వామ్యం అనే అంశాలను అన్ని రాష్ట్రాల ముందూ లక్ష్యాలుగా ఉంచింది. క్వీన్స్‌లాండ్‌లోని షెర్‌బర్గ్ ప్రభుత్వ బడికి 1998లో తొలి ఆబోరిజినల్ ప్రధానోపాధ్యాయుడిగా వచ్చిన క్రిస్ సారా, పిల్లల నుంచి ఎక్కువ ఆశించాలనీ ఆదివాసీ కావడమూ బాగా చదవడమూ ఒకదానికొకటి అడ్డుకావనీ చెప్పి బడిని నడిపారు. తరువాతి మెంటరింగ్ కార్యక్రమాల్లో ఆ ఆలోచన కనిపిస్తుంది.

రకాలు, ప్రధాన కార్యక్రమాలు

విశ్వవిద్యాలయ విద్యార్థులు మెంటర్లుగా ఉండే పద్ధతి

వీటిలో బాగా పేరున్నది ఎయిమ్ అనే సంస్థ. బుంజలుంగ్ జాతికి చెందిన జాక్ మానింగ్ బ్యాంక్రాఫ్ట్ 2005లో సిడ్నీ విశ్వవిద్యాలయంలో చదువుతూ, 19 ఏళ్ల వయసులో దీన్ని ప్రారంభించారు. 25 మంది విశ్వవిద్యాలయ విద్యార్థులను రెడ్‌ఫెర్న్ దగ్గరి అలెగ్జాండ్రియా పార్క్ బడిలోని 25 మంది ఆదివాసీ పిల్లలతో కలపడం దాని తొలి రూపం. తరువాతి పదేళ్లలో ఇది పలు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలకూ వేలాది విద్యార్థులకూ విస్తరించింది.

మెంటర్లలో ఆదివాసులతో పాటు ఇతరులు కూడా పెద్ద సంఖ్యలో ఉండటం ఎయిమ్ విశేషం. కార్యక్రమాన్ని నడిపేవారు, వేదిక మీద పాఠం చెప్పేవారు చాలావరకు ఆదివాసీ యువతే. మెంటర్లు పిల్లల పక్కన కూర్చుంటారు. అందువల్ల రెండు వైపులా నేర్చుకోవడం జరుగుతుంది. ఆదివాసీ కుటుంబాన్ని ఎన్నడూ దగ్గరగా చూడని నగర విద్యార్థికి కూడా ఆ గది తరగతి గదే. గుర్తింపు, జాతివివక్షను ఎదుర్కోవడం, నాటకం, లక్ష్యాలు, వైఫల్యం, రెజ్యూమె, ఇంటర్వ్యూ వంటి అంశాల మీద తొమ్మిదో తరగతి నుంచి పన్నెండు దాకా మెట్లుమెట్లుగా పాఠాలు ఉండేవి. క్యాంపస్‌కు దగ్గరి బడుల పిల్లలు క్రమం తప్పకుండా వచ్చేవారు. దూరప్రాంతాల వారిని కొన్ని పూర్తి రోజుల కోసం క్యాంపస్‌కు తీసుకొచ్చేవారు. హాజరైన పిల్లలకు ఇచ్చే ఎయిమ్ టోపీ చొక్కా, అంటే హూడీ, బడుల్లో గౌరవ చిహ్నంగా మారింది. 2010ల చివర సంస్థ ఇతర దేశాలకు కూడా తన పద్ధతిని తీసుకెళ్లింది.

బడిలోనే ఉండే అకాడమీలు

క్లోంటార్ఫ్ ఫౌండేషన్ 2000లో పెర్త్‌లోని క్లోంటార్ఫ్ ఆబోరిజినల్ కళాశాలలో తొలి ఫుట్‌బాల్ అకాడమీతో మొదలైంది. వ్యవస్థాపకుడు జెరార్డ్ నీషమ్ ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ కోచ్. ఆట మీది ఇష్టంతో బాలురు బడికి వస్తారు, బడికి వస్తేనే జట్టులో చోటు ఉంటుంది. సిబ్బంది బడిలోనే ఒక గదిలో రోజంతా అందుబాటులో ఉంటారు, పొద్దున్నే ఇళ్లకు వెళ్లి పిల్లలను ఎక్కించుకు వస్తారు, పన్నెండో తరగతి అయ్యాక ఉద్యోగం కుదిర్చి కొంతకాలం వెంట ఉంటారు. మూడు దాటుడు స్థలాల్లో రెండింటి దగ్గర గట్టిగా నిలబడే నమూనా ఇది. బాలికల కోసం రికీ గ్రేస్ అనే బాస్కెట్‌బాల్ ఆటగాడు 2004లో గర్ల్స్ అకాడమీని ప్రారంభించారు. స్టార్స్ ఫౌండేషన్ 2015లో వచ్చింది.

ఉపకారవేతనంతో కలిసిన మెంటరింగ్

2008లో ఏర్పడిన ఆస్ట్రేలియన్ ఇండీజినస్ ఎడ్యుకేషన్ ఫౌండేషన్ పేరున్న బోర్డింగ్ స్కూళ్లలో, విశ్వవిద్యాలయాల్లో చదివే ఆదివాసీ విద్యార్థులకు ఫీజు భరిస్తూ కంపెనీల ఉద్యోగులను మెంటర్లుగా జతచేస్తుంది.

ఉద్యోగం వైపు నుంచి వచ్చే మెంటరింగ్

మైకేల్ కోంబ్స్ 2009లో స్థాపించిన కెరీర్‌ట్రాకర్స్ విశ్వవిద్యాలయ విద్యార్థులకు వేసవి సెలవుల్లో జీతంతో కూడిన ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తుంది. అమెరికాలో నల్లజాతి విద్యార్థుల కోసం 1970లో మొదలైన ఇన్‌రోడ్స్ దీనికి నమూనా. విద్యార్థి మొదటి ఏడాది నుంచే ఒక కంపెనీలో అడుగుపెట్టి, ఏటా తిరిగి అక్కడికే వచ్చి, డిగ్రీ పూర్తయ్యేసరికి ఆ పనిచోటుకు పరిచయస్థుడవుతాడు. డిగ్రీ లేనివారి కోసం 2014 నుంచి ఉద్యోగ శిక్షణ కేంద్రాలు పనిచేశాయి. ఇవి ముందు ఉద్యోగం ఖాయం చేసుకొని తరువాత శిక్షణ ఇచ్చేవి, చేరాక 26 వారాల పాటు మెంటర్‌ను అందుబాటులో ఉంచేవి. శిక్షణ ఇచ్చి ఉద్యోగం వెతుక్కొమ్మనే పాత పద్ధతిలో సర్టిఫికెట్లు పోగయ్యేవి, పని దొరికేది కాదు. ఆ అనుభవంలోంచే ఈ క్రమం పుట్టింది.

విశ్వవిద్యాలయాల ఆదివాసీ కేంద్రాలు

దాదాపు ప్రతి విశ్వవిద్యాలయంలోనూ ఆదివాసీ విద్యార్థుల కేంద్రం ఒకటి ఉంది. సన్నాహక కోర్సులు, ట్యూటర్లు, చదువుకునే గది, పెద్దల సలహా అక్కడ దొరుకుతాయి. బయటి సంస్థల ప్రచారం ముందు ఈ కేంద్రాల పేరు వినిపించదు గానీ, రెండో సెమిస్టర్లో చదువు మానేద్దామనుకున్న విద్యార్థి ముందుగా తలుపు తట్టేది ఇక్కడే.

పనితీరు

మెంటర్‌ను ఎంచుకోవడంతో పని మొదలవుతుంది. పిల్లలతో పనిచేసే ప్రతి ఒక్కరికీ చట్టప్రకారం పూర్వాపరాల తనిఖీ తప్పనిసరి. తరువాత ఆ ప్రాంతపు ఆదివాసీ జాతి చరిత్ర, మర్యాదలు, మాట్లాడకూడని విషయాల మీద శిక్షణ ఉంటుంది. మరణించినవారి పేరు, ఫోటో విషయంలో పాటించాల్సిన జాగ్రత్త, బంధువు చనిపోతే పిల్లలు రోజుల తరబడి ఊరికి వెళ్లాల్సి రావడం వంటివి మెంటర్‌కు ముందే తెలిసి ఉండాలి. తెలియని మెంటర్ దాన్ని గైర్హాజరుగా చూస్తాడు, అక్కడితో సంబంధం తెగుతుంది.

బడిలో తొలి పరిచయం ఆదివాసీ విద్యాధికారి ద్వారా జరుగుతుంది. ఈ ఉద్యోగులను తరచుగా స్థానిక కుటుంబాల నుంచే తీసుకుంటారు. ఏ పిల్లాడు ఎవరింట్లో ఉంటున్నాడు, ఎవరి మాట వింటాడు అన్నది వీరికే తెలుసు. ఈ ఉద్యోగిని పక్కనపెట్టి నేరుగా ప్రధానోపాధ్యాయుడితో ఒప్పందం చేసుకుంటే మెంటరింగ్ కార్యక్రమం విఫలమయ్యే ప్రమాదం ఉంది.

చిన్న తరగతుల్లో ఒక్కొక్కరితో విడిగా కూర్చోవడం కంటే గుంపు పద్ధతి బాగా నడుస్తుంది. నలుగురిలో ఒంటరిగా వేలెత్తి చూపబడటం చాలామంది ఆదివాసీ పిల్లలకు భరించలేని సిగ్గు. గుంపులో ఉన్నప్పుడు ఆ భయం తగ్గుతుంది. పదకొండు, పన్నెండు తరగతులకు వచ్చేసరికి విడివిడిగా మాట్లాడటం ఎక్కువవుతుంది. విశ్వవిద్యాలయ ప్రవేశానికి వాడే ఏటార్ ర్యాంకు కావాలంటే పదకొండో తరగతిలోనే సరైన సబ్జెక్టులు ఎంచుకోవాలి. ఇది తెలియక తేలిక సబ్జెక్టులు తీసుకున్న విద్యార్థికి పన్నెండు పాసైనా ర్యాంకు రాదు. కొన్ని బడుల్లో ఆదివాసీ పిల్లలను అటువైపే మళ్లించడం అలవాటుగా ఉండేది. ఆ ఎంపిక సమయంలో పక్కన కూర్చున్న మెంటర్ చెప్పే ఒక్క మాట తరువాత ఎన్ని ప్రోత్సాహక ఉపన్యాసాలు ఇచ్చినా దొరకని మేలు చేస్తుంది. ర్యాంకు లేనివారికి కూడా దారులున్నాయి. సన్నాహక కోర్సు, విశ్వవిద్యాలయాల ప్రత్యేక ఇంటర్వ్యూ ప్రవేశం, ప్రభుత్వ సాంకేతిక కళాశాల అయిన టేఫ్‌లో సర్టిఫికెట్ మూడు లేదా నాలుగు చేసి అక్కడి నుంచి డిగ్రీకి వెళ్లడం వాటిలో కొన్ని.

దూరం ఇంకో సమస్య. టారెస్ జలసంధిలోని చిన్న ద్వీపాల పిల్లలు హైస్కూలుకు థర్స్‌డే ద్వీపంలోని తాగాయ్ కళాశాలకో, ప్రధాన భూభాగంలోని కెయిర్న్స్‌కో, మరింత దూరానికో వెళ్లి హాస్టళ్లలో ఉండాలి. 12, 13 ఏళ్ల వయసులో భాష, తిండి, బంధువులు అన్నీ ఒక్కసారి మారిపోతాయి. మొదటి టర్మ్ సెలవులకు ఇంటికి వెళ్లి తిరిగిరాని వారు ఉంటారు. ఇలాంటి పిల్లలకు హాస్టల్లోనే ఉండే పై తరగతుల విద్యార్థి అన్నింటికంటే దగ్గరి మెంటర్.

ఉద్యోగ దశలో ఆటంకాలు చిన్నవిగా కనిపించి గట్టిగా అడ్డుపడతాయి. డ్రైవింగ్ లైసెన్సు వాటిలో ముఖ్యమైనది. న్యూ సౌత్ వేల్స్‌లో 25 ఏళ్లలోపు వారు తాత్కాలిక లైసెన్సుకు ముందు 120 గంటలు లైసెన్సున్న పెద్దవారి పర్యవేక్షణలో నడిపినట్టు లాగ్‌బుక్కులో చూపాలి. ఇంట్లో కారు లేక, లైసెన్సున్న పెద్దలు లేక ఆ గంటలు పూర్తికావు. జననం నమోదు కాని వారికి దరఖాస్తుకు కావలసిన పత్రమే ఉండదు. బస్సులు లేని పట్టణాల్లో లైసెన్సు లేకపోతే వడ్రంగి, ఎలక్ట్రీషియన్, గని అప్రెంటిస్ ఉద్యోగాలు అందని పండ్లే. అందుకే చాలా సంస్థలు మెంటర్ పక్క సీట్లో కూర్చొని గంటలు పూర్తిచేయించే పథకాలు నడుపుతున్నాయి. జనన ధ్రువపత్రం తెప్పించడం కూడా మెంటర్ పనుల జాబితాలో ఉంది.

ఉద్యోగంలో చేరాక మెంటర్ రెండు వైపులా మాట్లాడాలి. పనిచోటులో ఎదురైన అవమానం, బంధువు అంత్యక్రియలకు సెలవు, మొదటి జీతం నుంచి ఇంటిల్లిపాదీ ఆశించే సాయం వంటి వాటి మీద యువకుడితో మాట్లాడాలి. సూపర్‌వైజరుతో కూడా అంతే ఓపికగా మాట్లాడాలి. ఈ రెండో సగాన్ని వదిలేస్తే యువత ఉద్యోగంలో నిలవడం కష్టం కావచ్చు.

ఉపకారవేతనాలు, నిధులు

అబ్‌స్టడీ కింద జీవన భృతి, బోర్డింగ్ ఖర్చు, ఊరికి వెళ్లివచ్చే ప్రయాణ ఛార్జీలు అందుతాయి. విశ్వవిద్యాలయాలకు 2017 జనవరి నుంచి ఇండీజినస్ స్టూడెంట్ సక్సెస్ ప్రోగ్రామ్ ద్వారా ఒకే పద్దు కింద ఉపకారవేతనాలు, ట్యూటర్లు, కేంద్రాల నిర్వహణకు నిధులు వస్తున్నాయి. బడులతో కలిసి చేసే ప్రచార కార్యక్రమాలకు ఉన్నత విద్యపై 2008 నాటి బ్రాడ్లీ సమీక్ష తరువాత వచ్చిన మరో పథకం డబ్బు ఇచ్చింది. స్వచ్ఛంద సంస్థలకు కేంద్రం, రాష్ట్రాలు, కంపెనీలు, దాతలు కలిసి ఇస్తారు. 2019 జూలైలో ఏర్పడిన జాతీయ ఆదివాసీ ఆస్ట్రేలియన్ల సంస్థ కేంద్ర నిధులను పర్యవేక్షిస్తుంది. పెద్ద నగరాల బయటి, మారుమూల ప్రాంతాల ఆదివాసీ విద్యార్థులకు 2021 నుంచీ, దేశంలోని ఆదివాసీ విద్యార్థులందరికీ 2024 నుంచీ, అర్హత సాధించిన కోర్సులో ప్రభుత్వ సబ్సిడీ సీటు గ్యారంటీ అయింది. మొదట్లో వైద్య విద్యకు ఈ నియమం వర్తించలేదు.

ఫలితాలు, మూల్యాంకనం

2008లో ప్రభుత్వాలు అంతరాలను తగ్గించేందుకు క్లోజింగ్ ద గ్యాప్ పేరిట లక్ష్యాలు పెట్టుకున్నాయి. 2020 నివేదిక నాటికి పన్నెండో తరగతి పూర్తిలో అంతరాన్ని సగానికి తగ్గించే లక్ష్యం గాడిలో ఉంది. ఉద్యోగాల లక్ష్యం నెరవేరలేదు. 2018లో పనిచేసే వయసు ఆదివాసుల్లో సుమారు 49 శాతం, మిగతావారిలో సుమారు 75 శాతం ఉద్యోగాల్లో ఉన్నారు. బడి పూర్తిచేయించడంలో సాధించిన మేలు పనిచోటు గుమ్మం దగ్గర ఆగిపోయిందని ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

2020 జూలైలో ఆదివాసీ సంస్థల కూటమి సంతకంతో కుదిరిన కొత్త జాతీయ ఒప్పందం 2031కి లక్ష్యాలు నిర్ణయించింది. 20 నుంచి 24 ఏళ్ల వారిలో పన్నెండో తరగతి లేదా సమానార్హత ఉన్నవారు 96 శాతానికి చేరాలి. 2016లో ఇది 63.2 శాతం, 2021లో 68.1. 25 నుంచి 34 ఏళ్ల వారిలో సర్టిఫికెట్ మూడు లేదా ఆపై అర్హత ఉన్నవారు 70 శాతం కావాలి. ఇది 42.3 నుంచి 47 శాతానికి పెరిగింది. 15 నుంచి 24 ఏళ్ల వారిలో చదువులోనో శిక్షణలోనో పనిలోనో ఉన్నవారు 67 శాతం కావాలి. అయిదేళ్లలో ఇది 57.2 నుంచి 58 శాతానికే కదిలింది.

మెంటరింగ్ వల్ల ఎంత మేలు జరిగిందన్నది వేరుచేసి చెప్పడం కష్టం. ఎయిమ్ మీద కేపీఎమ్‌జీ 2013లో చేసిన ఆర్థిక మూల్యాంకనం ఖర్చుపెట్టిన ప్రతి డాలరుకు 7 డాలర్ల ప్రయోజనం ఉంటుందని అంచనా వేసింది. ఇలాంటి లెక్కలు ఎయిమ్ విద్యార్థులను సగటు ఆదివాసీ విద్యార్థులతో పోలుస్తాయి. కార్యక్రమానికి రావడానికి ఇష్టపడిన పిల్లలు, అనుమతించిన ఇళ్లు, సహకరించిన బడులు ముందే కొంత మెరుగైన స్థితిలో ఉండవచ్చు కనుక, ఆ తేడా మొత్తాన్ని కార్యక్రమానికి జమకట్టలేము. అయినా పిల్లలు ఏళ్ల తరబడి తిరిగివస్తూ ఉండటం, తరువాత వారే మెంటర్లు కావడం లెక్కలోకి తీసుకోదగ్గ సాక్ష్యమే.

మెంటరింగ్ మీద విస్తృత పరిశోధన ఎక్కువగా అమెరికాది. డేవిడ్ డుబోయిస్ బృందం 2002లో 55 మూల్యాంకనాలను కలిపి పరిశీలించి, మేలు ఉంది గానీ ఒక మోస్తరుదేనని తేల్చింది. అదే ఏడాది జీన్ గ్రాస్‌మన్, జీన్ రోడ్స్ ప్రచురించిన అధ్యయనం మెంటర్ బంధం ఏడాది దాటి సాగిన పిల్లల్లో ఎక్కువ మేలునూ, మూడు నెలలలోపే తెగిపోయిన వారిలో ఆత్మవిశ్వాసం తగ్గడాన్నీ గుర్తించింది. ఆ అధ్యయనం ఆదివాసీ పిల్లల మీద కాదు. కానీ ఇప్పటికే ఎందరో పెద్దలు వచ్చి వెళ్లిపోవడం చూసిన పిల్లల విషయంలో ఆ హెచ్చరికను మరింత తీవ్రంగా తీసుకోవాలి. ఏడాదికో రెండేళ్లకో పరిమితమైన గ్రాంటుతో మెంటర్లను పెట్టి, గ్రాంటు ముగియగానే ఆపేయడం ఏమీ చేయకపోవడం కంటే చెడ్డది కావచ్చు.

విమర్శలు, చర్చలు

మొదటి విమర్శ దృష్టికోణం గురించి. లోపం పిల్లాడిలో ఉందనీ మెంటర్ దాన్ని సరిచేస్తాడనీ భావించే కార్యక్రమాలు జాతివివక్ష ఉన్న బడిని, దారిద్ర్యాన్ని, ఇంటి ఇరుకును ప్రశ్నించకుండా వదిలేస్తాయని ఆదివాసీ పండితులు అంటారు. లరిస్సా బెరెండ్ట్ అధ్యక్షతన 2012లో వెలువడిన ఉన్నత విద్యా సమీక్ష ఇదే దిశలో సూచించింది. ఆదివాసీ విద్యార్థుల బాధ్యతను ప్రత్యేక కేంద్రానికి వదిలేయకుండా ప్రతి అధ్యాపక విభాగమూ తీసుకోవాలని, జనాభాలో వాటాకు సమానంగా విద్యార్థులు ఉండాలని అది కోరింది.

రెండో చర్చ లింగ సమానత గురించి. ఆట ఆధారిత బాలుర అకాడమీలకు వచ్చినంత నిధులు బాలికల కార్యక్రమాలకు చాలాకాలం రాలేదు. ప్రతినిధుల సభ ఆదివాసీ వ్యవహారాల స్థాయీ సంఘం 2017 నివేదికలో ఈ అసమానతను ఎత్తిచూపింది. ఆడపిల్లలు చదువులో ముందున్నారు కదా అన్న వాదన దీనికి సమాధానం కాదు. చిన్న వయసులోనే ఇంటి బాధ్యతలు, మాతృత్వం మీదపడే బాలికలకు తోడు అవసరం తక్కువేమీ కాదు.

ఆదివాసీ ఉద్యోగుల మీద పడే భారం మరొకటి. సంస్థలో ఒకరిద్దరే ఆదివాసీ సిబ్బంది ఉంటే ప్రతి విద్యార్థికీ మెంటర్, ప్రతి సమావేశానికీ ప్రతినిధి, ప్రతి సందేహానికీ జవాబు వారే అవుతారు. ఆ పనికి జీతంలో గానీ పదోన్నతిలో గానీ లెక్క ఉండదు. పేరుమోసిన బోర్డింగ్ స్కూళ్లకు ప్రతిభావంతులను తీసుకెళ్లడం వల్ల ఊరి బడి ఖాళీ అవుతుందన్న అభ్యంతరం కూడా ఉంది. ఆ అవకాశాన్ని కోరి పంపే తల్లిదండ్రులు దీన్ని ఒప్పుకోరు. 2020 ఒప్పందం తరువాత నిధులు ఆదివాసుల సొంత సంస్థలకు నేరుగా వెళ్లాలన్న డిమాండు బలపడింది.

ఇతర దేశాల్లో

న్యూజిలాండ్‌లో మావోరీ కుటుంబ సంప్రదాయంలోని పెద్ద తోబుట్టువు, చిన్న తోబుట్టువు సంబంధాన్నే మెంటరింగ్‌కు పునాదిగా తీసుకున్నారు. ఆక్లండ్ విశ్వవిద్యాలయపు టువాకనా కార్యక్రమం 1990ల నుంచి మావోరీ, పసిఫిక్ విద్యార్థులకు ఈ పద్ధతిలో నడుస్తోంది. కెనడాలో 1876 నాటి ఇండియన్ చట్టం ప్రకారం విశ్వవిద్యాలయ డిగ్రీ పొందిన ఆదివాసీ తన చట్టబద్ధ ఆదివాసీ హోదా కోల్పోయే పరిస్థితి ఉండేది. చదువు అంటే జాతిని వదులుకోవడమేనన్న భయం అక్కడ చట్టంలోంచే పుట్టింది. నేడు ఇండ్‌స్పైర్ అనే ఆదివాసీ సంస్థ ఉపకారవేతనాలతో పాటు మెంటరింగ్ నడుపుతోంది. అమెరికాలో 1968లో నవాహో జాతి సొంత కళాశాలతో మొదలైన గిరిజన కళాశాలలు, 1977లో ఏర్పడిన ఆదివాసీ శాస్త్రవేత్తలు, ఇంజనీర్ల సంఘం ఈ పని చేస్తున్నాయి.

తెలుగు ప్రాంతాల అనుభవంతో పోలిక

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఆదివాసీ విద్యకు ప్రధాన ఆధారాలు ఆశ్రమ పాఠశాలలు, గిరిజన గురుకులాలు, ఏకలవ్య ఆదర్శ పాఠశాలలు, రిజర్వేషన్లు, పోస్ట్ మెట్రిక్ ఉపకారవేతనాలు, వీటిని ఏజెన్సీలో సమన్వయపరిచే సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థలు (ఐటీడీఏలు). ఆస్ట్రేలియాలో రాజ్యాంగబద్ధ రిజర్వేషన్ లేదు. అక్కడ అందరికీ సీటు గ్యారంటీ 2024లో వస్తే ఇక్కడ సీట్లలో రిజర్వేషన్ గణతంత్రపు తొలి ఏళ్ల నుంచే ఉంది. అక్కడ సీటు కంటే ముందు, తరువాత మనిషి తోడును ఏర్పాటు చేయడం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టారు. ఇక్కడ ఆ పని ఎక్కువగా వార్డెన్, సబ్జెక్టు టీచరు, నగరంలో చదువుతున్న ఊరి సీనియర్ల మంచితనం మీద ఆధారపడి సాగుతోంది.

సొంత మనుషులే దారి చూపడం అన్న ఆలోచన ఇక్కడా కొత్తది కాదు. మానవ శాస్త్రవేత్త హైమండార్ఫ్ చొరవతో నిజాం ప్రభుత్వం 1943లో ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో గోండు విద్యా పథకం ప్రారంభించింది. గోండు యువకులకే ఉపాధ్యాయ శిక్షణ ఇచ్చి, గోండీ భాషలో వాచకాలు తయారుచేసి, వారినే తిరిగి గూడేల బడులకు పంపారు. (చూ. ఆశ్రమ పాఠశాలలు; ఏకలవ్య ఆదర్శ పాఠశాలలు; గోండీ భాష; సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ.)